ధోళి మెడలో ఫోను

అశ్వారావుపేట,
మే 9.

బాపును నువ్వే పట్టించావు. పోయిన వానాకాలం తండాకు వచ్చి, మంగీలాల్ నాయక్ ఇంటి ముందు అందరినీ కూర్చోబెట్టి, ఒక్కొక్కరి ఫోనూ చేతిలోకి తీసుకుని వరదొస్తే ఎవరు ఎక్కడున్నారో చూపిస్తుందని నువ్వు ఎక్కించిన ఆ 'గట్టుతోడు' యాప్ మన బాపును జైలుకు పంపింది. క్షేమం అడగను, చెప్పను. ఈ ఉత్తరానికి అవి అక్కర్లేదు.

ఫోన్ చేస్తే అయిపోయేదానికి ఉత్తరం ఎందుకు అనుకుంటావు. నువ్వు పనిచేసే ఆ వరద కంట్రోల్ రూమ్‌కు ఎన్ని చెవులున్నాయో నాకు తెలియదు. అందుకే కాగితం.

జరిగింది జరిగినట్టు రాస్తాను. ఆదివారం నేను ఇక్కడ కాటా దగ్గర ట్రాక్టర్‌లోంచి పామాయిల్ గెలలు దించుతున్నాను. మనిద్దరినీ కన్న యాడి ఫోన్ చేసింది. "మీ బాపును జీపుల ఎక్కించుకపోయిండ్రు. చెప్పులు గూడ తొడుక్కోనియ్యలే" అంది. నేను పని వదిలేసి స్టేషన్‌కు చేరేసరికి బాపు చెప్పులు ఒళ్లో పెట్టుకుని గేటు బయట కూర్చుని ఉంది.

లోపల ఒక సారు యాడికి తన ఫోన్‌లో అడవి మ్యాప్ చూపించాడట. ఆకుపచ్చ మీద ఎర్ర చుక్కలు, ఎలుగులవాగు పక్కన ఒకేచోట గుంపుగా. "అమ్మవారు పోసినట్టు ఉన్నయి బిడ్డా" అంది యాడి. ఆ చుక్కలన్నీ మీ ఆయనే అన్నారట. అక్కడ ఎవరో దాక్కున్నారట, మన బాపు ధన్‌సింగ్ వాళ్లకు తిండి మోస్తున్నాడట.

ఆ చుక్కలు ఎవరివో నీకు తెలుసు. ఫిబ్రవరిలో నువ్వు వచ్చినప్పుడు ధోళి మళ్లీ తప్పిపోయింది. మంద ముందు నడవాల్సిన ఆవే మందను వదిలి తిరుగుతుంటే బాపు పొద్దంతా అడవిలో దాని వెంట పడేవాడు. నువ్వు నవ్వావు. "ఇగ నడుచుడు బంద్ బాపూ. మంచంల కూసోని చూస్కో" అని, మీ ఆఫీసు బాపును తండాకు 'గట్టుతోడు పెద్దమనిషి'ని చేసి ఇచ్చిన ఆ ఫోన్‌ను, నీ పవర్ బ్యాంక్‌ను కలిపి రెగ్జిన్ సంచిలో కుట్టి, ధోళి మెడలో గంట పట్టెడకు నీ చేత్తోనే కట్టావు. యాడి ఫోన్‌లో ధోళి చుక్క కదులుతుంటే తండా మొత్తం వచ్చి చూసింది. మంగీలాల్ నాయక్ ఏమన్నాడో గుర్తుందా? "ఆవుకు ఫోనొచ్చె. ఇగ పింఛనొక్కటే తక్కువ."

ఏప్రిల్‌లో సూడితో ఉన్న ధోళి అడవిలోకి పోయి కొన్నాళ్లు ఇంటికి రాలేదు. ఎలుగులవాగు లోయలో సిగ్నల్ లేదు. యాడి ఫోన్‌లో చుక్క ఆగిపోయింది. బాపు వెతికాడు, దొరకలేదు. చివరికి అదే వచ్చింది, వెనకాల తెల్ల దూడతో. బాపు మురిసిపోయి, సంచి విప్పి, ఫోన్ ఇంట్లో పెట్టాడు. సిగ్నల్ తగలగానే ఆ ఫోన్ లోపల దాచుకున్న చుక్కలన్నీ మీ గదికి పంపింది. వారం తిరక్కుండా జీపు వచ్చింది.

అంటే అడవిలో తిరిగింది ధోళి. తండాలో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు ఈ సంగతి. యాడి చెప్పబోతే స్టేషన్‌లో నవ్వారు. అది కాదు నన్ను తొలిచేది. "ఫోన్ ఎవరిది?" అంటే బాపు "నాదే" అన్నాడట. "ఎవరి దగ్గర ఉంది?" అంటే "నా దగ్గరే" అన్నాడట. ఆ తర్వాత నోరు విప్పలేదట. తన మీదికి తనే అబద్ధం ఎందుకు తెచ్చుకున్నాడు?

నువ్వు మీ సార్ దగ్గరికి పోయి, ఫోన్ ఆవు మెడలో ఉందని చెప్పు. ఒక్క వాక్యం. చెప్పి నాకు రాయి.

సోని

*

భద్రాచలం,
మే 20.

ప్రియమైన చెల్లెలు సోనికి, అన్నయ్య కోటేష్ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. నీ ఆవేదన నాకు అర్థమైంది. నాన్న సంగతి తెలిసిన దగ్గర్నుంచి నాకూ కంటి మీద కునుకు లేదు. అయితే ఆవేశంలో రాసిన మాటలకు ఆవేశంతో జవాబు ఇవ్వడం నా పద్ధతి కాదు.

మొదట ఒక విషయం. గట్టుతోడును నువ్వు పాము అన్నట్టు రాశావు. పోయిన జూలైలో గోదావరి ఎక్కి వచ్చినప్పుడు ఒడ్డున ఉండే సుబ్బరత్నం గారి కుటుంబం పాక కప్పు మీద కూర్చుని ఉంటే, పడవ నేరుగా అక్కడికే ఎలా వెళ్లింది? ఆ చుక్కలు చూసే. ఆవిడ మా ఆఫీసుకు వచ్చి చేతులు పట్టుకుని ఏడ్చింది. నేను ఎదురుగా ఉన్నాను. తండాలో ఆ యాప్ ఎక్కించినప్పుడు నేను చెప్పింది వరద గురించే, నమ్మింది కూడా అదే.

వరద లేని నెలల్లో ఆ సమాచారం ఊరికే పడి ఉండకూడదని పైవాళ్లు వేరే శాఖలకు కూడా చూసే వీలు ఇచ్చారు. అది నా స్థాయిలో జరిగే నిర్ణయం కాదు. పైగా యాప్ ఎక్కించేటప్పుడు చివర్లో 'సమ్మతమే' అని అందరూ నొక్కారు. చట్టం దృష్టిలో అది ఒప్పుకోవడమే.

పోలీసు వారిని కూడా పూర్తిగా తప్పు పట్టలేం. ఆ స్థానంలో ఉండి ఆలోచించు. ఒక మనిషి రోజూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, దారి లేని చోట అదే వెదురు పొద దగ్గరికి వచ్చి, అరగంట కదలకుండా నిలబడి, తిరిగి పోతుంటే ఎవరికైనా ఏమనిపిస్తుంది?

నా సలహా ఏమిటంటే, ఆ జంతువు ప్రస్తావన ఎక్కడా తేకండి. ఉత్తరాల్లో కూడా రాయకు. ఆఫీసు ఫోన్ పెద్దమనిషి ఒంటి మీదే ఉండాలన్నది నిబంధన. దానికి పూచీగా సంతకం పెట్టింది నేను. నాది కాంట్రాక్టు ఉద్యోగం. పర్మినెంట్ అయ్యే జాబితా ఈ వానాకాలం లోపే వస్తుందంటున్నారు. నాన్న ఓపిక పడితే చిన్న కేసుగా మారి బయటికి వస్తారు. అమ్మను ధైర్యంగా ఉండమను.

మీ
కోటేష్

*

మోతీతండా,
జూన్ 1.

కోటేష్ భియాకు,

నాన్న, అమ్మ అని రాశావు. ఆఫీసులో ఎవరైనా చదువుతారని భయమా, బాపు, యాడి అని రాస్తే ఉద్యోగం పోతుందా?

నీ ఉత్తరం యాడికి చదివి వినిపించాను. వాకిట్లో ధోళికి కుడితి పెడుతూ వింటోంది. చట్టం గురించి చదివాను, ఊ కొట్టలేదు. వెదురు పొద దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆపింది. మళ్లీ చదవమంది. చదివాను. నవ్వడం మొదలుపెట్టింది. బాపును తీసుకుపోయినాక ఇదే మొదటిసారి నవ్వడం.

"పొద్దున ఒకపారి, మాపున ఒకపారి పోయి, అర్ధగంట నిలబడి వచ్చేదెవరే పిచ్చిదానా? పొదుగున్నది" అంది.

నాకు అప్పుడు వెలిగింది. ఈనిన ఆవు దూడను పొదలో దాచి మేతకు పోతుంది. పొదుగు నిండగానే వచ్చి కుడిపి పోతుంది. దూడకు నడక వచ్చేదాకా ఎవరికీ చూపించదు. ఇది మన తాతల నాటి నుంచి మందల వెంట తిరిగిన వాళ్లకు చెప్పాల్సిన పాఠమా? నువ్వు కూడా ఆ పాలు తాగే పెరిగావు. నీ సార్లు అన్నది నిజమే. ఆ పొదలో ఎవరో దాక్కున్నారు. వాళ్లకు తిండి మోశారు. దాక్కున్నది దూడ. మోసింది తల్లి.

యాడి నవ్వి నవ్వి, ధోళి మెడ పట్టుకుని ఏడ్చింది. కుడితి బకెట్ ఒలికిపోయింది.

ఇక నీ సంగతి. సత్తుపల్లిలో సరిత మేడమ్ అని వకీలు ఉంది. మా మిల్లు పనివాళ్ల కేసులు చూస్తుంది. పోలీసులు కోర్టుకు ఇచ్చిన కాగితం నకలు తెప్పించి నా ముందు చదివింది. "పలుమార్లు సంచరించినట్టు" అని ఉంది అందులో. "గడ్డిలో మనిషి పడుకున్న ఆనవాళ్లు" అని ఉంది. దూడ పడుకున్న గడ్డి అది. అంతే ఉంది. పొద్దున, సాయంత్రం అన్న మాట లేదు. అరగంట లేదు. వెదురు పొద లేదు. స్టేషన్‌లో యాడికి చెప్పలేదు, నాకు చెప్పలేదు.

నీకెవరు చెప్పారు?

'సమ్మతమే' ఎవరు నొక్కారో కూడా గుర్తు చేస్తాను. ఒక్కరూ నొక్కలేదు. ఫోన్లు వరసగా తీసుకుని నీ వేలితో నువ్వే నొక్కుతూ పోయావు, కల్లు ముంతలు నింపినట్టు. మన ధన్‌సింగ్ కొడుకే గదా అని అందరూ ఇచ్చారు. ప్రభుత్వం అడిగితే ఇచ్చేవాళ్లు కారు.

సరిత మేడమ్ అంటోంది, తండా వాళ్ల సాక్ష్యం నిలబడదు, అందరూ ఒక ఇంటివాళ్లే అంటారు. ఫోన్ ఇచ్చిన ఆఫీసు మనిషి చెప్పాలి. అది నువ్వే. నేను అడిగినదానికి జవాబు రాయి.

సోని

*

భద్రాచలం,
జూన్ 12.

సోనీ,

అడిగావు కాబట్టి చెప్తున్నాను. మళ్లీ మళ్లీ అడగకు.

మా తెర మీద పేర్లు ఉండవు. నంబర్లు ఉంటాయి. వరద లేని రోజుల్లో మిగతా వాటిలా కదలని చుక్కలు ఏరి పైకి పంపమని మా ఆఫీసర్ హరిప్రసాద్ సార్ అందరికీ చెప్పారు. నేను ఒకటి ఏరాను. పొద దగ్గరికి పోవడం, నిలబడటం, రావడం. మా గదిలో ఇంతవరకు ఎవరూ అలాంటిది పట్టుకోలేదు. మీటింగ్‌లో నా పేరు చెప్పి చప్పట్లు కొట్టించారు. మరుసటి రోజు పైన నంబర్ విప్పితే ధన్‌సింగ్ అని వచ్చింది. ఆవు మెడకు కట్టింది నేనే అయినా, ఆ నంబర్ నాకు నోటికి రాదు. ఎవరి నంబర్ ఎవరికి గుర్తుంటుంది?

ఆవు సంగతి సార్ దగ్గర ఎత్తాను. మనదని చెప్పలేదు, ఎక్కడో విన్నట్టు అన్నాను. ఆయన కోప్పడలేదు. అద్దాలు తుడుచుకుంటూ అన్నారు. "ఒక్క చుక్క ఆవు అని ఒప్పుకుంటే, కోటేష్, రేపు ప్రతి చుక్కా ఆవే అంటారు. అప్పుడు ఈ గది ఎందుకు, నువ్వు ఎందుకు?" ఆ తర్వాత నాకు టీ తెప్పించారు.

ఇప్పుడు నేను చెప్పేది జాగ్రత్తగా చదువు. పోయిన శనివారం నువ్వు సత్తుపల్లిలో ఉన్నావు. బస్టాండు వెనక సందులో, కుడి వైపు మేడలో. అంతకు ముందు కూడా పోయావు. అక్కడి నుంచి నేరుగా తండాకు వెళ్లి, మంగీలాల్ ఇంట్లో చాలాసేపు ఉన్నావు. ఇంకా కొంతమంది వచ్చారు. వాళ్లు ఎవరెవరో నాకు తెలుసు.

ఇది నేను ఒక్కడినే చూడటం లేదు. సార్ నా కుర్చీ వెనక నిలబడి, "ఈ నంబర్ కూడా మీ తండాదేనా?" అని అడిగారు. తెలియదన్నాను. ఈసారి అడిగితే ఏమంటానో నాకే తెలియదు. వకీలు ఇంటికి పోవద్దు. పని, గది, అంతే. నీ మంచికే చెప్తున్నాను.

కోటేష్

*

అశ్వారావుపేట,
జూన్ 24.

నా చుక్కను చూస్తూ కూర్చున్న మనిషికి,

చూశావు గదా సత్తుపల్లి సందు. ఆ మేడ మెట్ల మీద నేను జారి మోకాలు కొట్టుకున్నాను. అది కనిపించిందా?

నీ ఉత్తరం చదివినాక కాటా దగ్గర దించిన గెలనే మళ్లీ ట్రాక్టర్‌లో వేశాను. పక్కనున్న వాళ్లు జ్వరమా అన్నారు. నేను ఎక్కడికి నడిచినా నా వీపు మీద నీ కన్ను ఉందని తెలిసినాక నాకు నా కాళ్ల మీదే నమ్మకం పోయింది. చిన్నప్పుడు తునికాకు ఏరేటప్పుడు ఎలుగుబంటి ఉందేమోనని నువ్వు నా ముందు నడిచేవాడివి. ఇప్పుడు వెనక నడుస్తున్నావు.

బాపును చూసి వచ్చాను. జైలు ఇనుప జాలీ అవతల నిలబడ్డాడు. మనిషి సగమయ్యాడు. మొదట అడిగిన మాట, "దూడ కుడుస్తున్నదా?" అని. కుడుస్తోంది, గెంతుతోంది, నాయక్ ఇంటి జొన్న మేసి తిట్లు కూడా తిన్నదని చెప్తే ముఖం వెలిగింది. అప్పుడు అడిగాను, ఫోన్ నా దగ్గరే ఉందని ఎందుకు అన్నావు బాపూ అని. కాసేపు కాపలా అతని వైపు చూశాడు. తర్వాత మెల్లగా చెప్పాడు.

"నీ భియా ఫోన్ జేసిండు. ఆవు మెడల ఫోన్ కట్టిన మాట ఎత్తకు బాపూ, నా నౌకరి పోతది. ఆవును ఎతుకనీకి ఫోన్ పట్టుకోని నేనే పోయిన అను, తిట్టి ఇడిచిపెడతరు అన్నడు."

ఎప్పుడు చేశాడని అడిగాను. జీపు రాకముందు అన్నాడు.

నువ్వు ఇన్ని పేజీలు రాశావు, ఈ ఒక్కటి రాయలేదు. జీపు వస్తోందని నీకు ముందే తెలుసు. తెలిసి బాపుకు ఫోన్ చేశావు. తప్పించుకో అని చెప్పడానికి కాదు, సరిత మేడమ్ నంబర్ ఇవ్వడానికి కాదు. అబద్ధం నేర్పడానికి. ఆ ముసలాయన నువ్వు నేర్పిన పాఠం అక్షరం పొల్లు పోకుండా అప్పజెప్పాడు. మధ్యలో 'ఎతుకనీకి' అన్న ముక్క చెప్పేలోపే నోరు మూయించారు, అంతే తేడా.

నీ మీద కోపం కూడా లేదు బాపుకు. "పోరడు భయపడ్డడు. చిన్నప్పుడు గూడ గంతే, ఉరుము ఉరిమితే ధోళి తల్లి కడుపు కిందికి దూరేటోడు" అన్నాడు. ఇప్పుడైనా నిజం చెప్పు బాపూ అంటే తల అడ్డంగా ఊపాడు. "మాట మారిస్తే వాని మీదికి పోతది. నేను జెప్ప. వాడే జెప్పాలె." సరిత మేడమ్ కూడా అదే అంది. బాపు మాట మారిస్తే కోర్టు నమ్మదు. ఆఫీసు నుంచే రావాలి.

నీ కన్ను నాకు వద్దు. ఈ ఉత్తరం రాస్తున్నప్పటి నుంచి నా ఫోన్ గదిలో అటక మీద ఉంటుంది. ఇక నేను ఎక్కడికి పోతానో, ఎవరితో కూర్చుంటానో ఊహించుకుంటూ ఉండు.

సోని

*

ఊరు రాయడం లేదు.
జూలై 3.

సోనీ బాయీ,

ఫోన్ దించు. చేతిలో పట్టుకుని తిరుగు. పనికి తీసుకుపో, కొట్టుకు తీసుకుపో.

కదలని చుక్క కూడా ఎర్రగా మారుతుంది. కొత్తగా పెట్టారు. కదిలితే ఎక్కడికి అంటారు, కదలకపోతే ఏం దాస్తున్నావు అంటారు. నీది ఎర్రబడింది. సార్ దాని చుట్టూ పెన్నుతో గీసినట్టు వేలు తిప్పి, నా వైపు చూశారు. ఆ చూపే నాకు భయం.

ఇంకొకటి వచ్చింది. ఎవరి చుక్క ఎవరి చుక్క పక్కన ఆగిందో గీతలు గీసి చూపిస్తుంది. బాపు నుంచి నీకు గీత ఉంది. నీ నుంచి వకీలుకు, నాయక్‌కు. యాడి నుంచి అందరికీ. ఫిబ్రవరిలో నేను ఇంటికి వచ్చి అన్నం తిన్న పూట కూడా గీతే. బాపు నుంచి నా దాకా. అది ఇంకా ఎవరూ గమనించలేదు. గమనిస్తారు.

రావాలని లేదనుకోకు. నా జేబులోనూ అదే యాప్. టీకి పోతున్నానని చెప్పి, ఫోన్ డ్రాయర్‌లో వదిలి, ఈ ఉత్తరం వేస్తున్నాను. జల్దీ తిరిగి పోవాలి. ఆ గదిలో మేము అందరం ఒకరి చుక్క ఒకరం చూసుకుంటున్నాం. పక్క కుర్చీలో వాడు నిన్న నవ్వుతూ, "మధ్యాహ్నం గుడి వైపు ఎందుకు పోయినవ్ అన్నా?" అని అడిగాడు. పుణ్యానికి పోయానన్నాను. రాసుకున్నాడేమో తెలియదు.

బాపుకు నేను ఫోన్ చేసిన మాట నిజం. తిట్టి వదిలేస్తారనే అనుకున్నాను.

ఇది చదివి చింపెయ్. దూడకు పేరు పెట్టారా?

భియా

*

మోతీతండా,
జూలై 10.

కోటేష్ గారికి,
వరద కంట్రోల్ రూమ్, భద్రాచలం.

చింపలేదు. నీ ఉత్తరాలన్నీ సరిత మేడమ్ బీరువాలో ఉన్నాయి. నీ సంతకం నువ్వు వచ్చి ఒప్పుకుంటే తప్ప అవి ఉత్త కాగితాలేనట. ఈసారి పోస్టులో వేయడం లేదు, భద్రాచలం బస్సు కండక్టర్ నీ చేతికే ఇస్తాడు. మధ్యలో ఎవరైనా విప్పి చదివితే చదవనీ. వాళ్లకు కూడా పనికొచ్చేదే రాస్తున్నాను.

దూడకు పేరు పెట్టలేదు. బాపు వచ్చి పెట్టాలి.

బుధవారం బెయిల్ వాయిదా. ఆ రోజు ఆఫీసు నుంచి మాట రాకపోతే, పెద్ద సెక్షన్లు ఖాయమై, కేసు నడిచినన్నాళ్లూ బాపు లోపలే ఉంటాడని మేడమ్ చెప్పింది. కేసు ఎన్నాళ్లు నడుస్తుందని అడిగాను. ఆమె నా వైపు చూడకుండా కిటికీ వైపు చూసింది. బాపు వయసు నీకు తెలుసు.

మంగళవారం సీత్లా పండుగ. మర్చిపోయావేమో, పశువులకు రోగం రొష్టు రాకూడదని తల్లికి మొక్కి, గుగ్గిళ్లు చల్లి, మందను పొలిమేర దాటిస్తాం. ముందు ధోళి దాటాలి, వెనక మిగతావి. ఏటా బాపే దాని పట్టెడ పట్టుకుని దాటించేవాడు. ఈసారి యాడి దాటిస్తుంది.

నిన్న నాయక్ ఇంటి ముందు కూర్చున్నాం, నువ్వు ఆనాడు మమ్మల్ని కూర్చోబెట్టిన చోటే. నీ చివరి ఉత్తరం గట్టిగా చదివాను. చుక్క కదిలితే తప్పు, కదలకపోతే తప్పు, పక్కపక్కన కూర్చుంటే గీత. నాయక్ కోడలి ఫోన్‌లో పాట వస్తుంటే ఎవరో ఆపేశారు. నాయక్ తన ఫోన్‌ను అటు ఇటు తిప్పి చూశాడు, లోపల తేలు దూరిందా అన్నట్టు. అప్పుడు యాడి లేచింది.

"మనం నడిస్తే ఆవంటలేరు, ఆవు నడిస్తే మనమంటున్నరు. ఇగ ఆవులనే నడవనియ్యండి."

నాయక్ ముందు ఒప్పుకోలేదు. నీ మొగుడు చాలడా, తండా తండాను జైలుకు పంపుతవా హేమ్లీ అని కేకలేశాడు. యాడి ఇంటికి పోయి, నువ్వు కుట్టిన ఆ రెగ్జిన్ సంచి తెచ్చి, తన ఫోన్ అందులో వేసి ముడి బిగించింది. "ధోళి మెడకే కట్టాలె. కేసు దాని మీద ఉన్నది గదా, ముందు అదే పోవాలె" అంది. ఆడవాళ్లు నవ్వారు. నాయక్ కాసేపు మీసం గోక్కుని, తన ఫోన్ తీసి యాడి చేతిలో పెట్టాడు. "నాది ఆ బోసికొమ్ము ఎద్దుకు కట్టు. అది నాలెక్కనే ఎవని మాట ఇనది" అన్నాడు. తర్వాత అందరూ ఇచ్చారు. నాది కూడా అటక మీది నుంచి దిగింది. నువ్వే గదా దించమన్నావు. దించాను.

కాబట్టి విను. మంగళవారం పొద్దున మంద పొలిమేర దాటుతుంది. దాటి, ఎప్పటిలా ఎలుగులవాగు వైపు పోతుంది. మోతీతండాలో ఫోన్ ఉన్న ప్రతి మనిషి చుక్కా, ఆడ, మగ, ముసలి, గుంపుగా అడవిలోకి నడుస్తుంది. బాపు చుక్క నిలబడిన ఆ వెదురు పొద దగ్గరికే. నీ గదిలో ఉన్న తెర అమ్మవారు పోసినట్టు అవుతుంది. లోయలో సిగ్నల్ పోయినాక అన్నీ ఒక్కసారి మాయమవుతాయి. మేము మాత్రం పొలిమేర రాళ్ల దగ్గర, అందరికీ కనపడేలా, ఖాళీ చేతులతో కూర్చుని ఉంటాం.

అప్పుడు హరిప్రసాద్ సార్ నీ కుర్చీ వెనక నిలబడి, ఇదేంది కోటేష్, మీ తండా మొత్తం ఎక్కడికి పోతోంది అని అడుగుతాడు. నువ్వు రెండే మాటల్లో ఒకటి చెప్పగలవు. అవి మనుషులు అంటే జీపులు వస్తాయి, తుపాకులు వస్తాయి, ఆ పొద దగ్గర ధోళి ఉంటుంది, దాని వెనక పేరు లేని దూడ ఉంటుంది. అక్కడ ఏం జరిగినా అది నువ్వు ఏరిన చుక్కే. అవి ఆవులు అంటే, ఆ ఒక్క మాటతో బాపు బయటికి వస్తాడు. ఆ మాట మంగళవారం ఎలాగూ చెప్పక తప్పదు నీకు. ముందే చెప్పమంటున్నాను, ఎవరి ప్రాణం మీదికీ రాకముందే.

నేను బెదిరిస్తున్నానని అనుకుంటావు. అవును. నీకు భయం తప్ప ఇంకో భాష అర్థం కావట్లేదని రెండు నెలలుగా చూస్తున్నాను. నువ్వు వాళ్లకు భయపడి బాపును వదిలేశావు. ఇప్పుడు మాకు కూడా కాస్త భయపడు.

నాకు కావలసింది ఇది. ఫోన్ ఆవు మెడకు నేను కట్టాను, నా చేత్తో కట్టాను అని నీ పేరుతో, నీ సంతకంతో ఒక కాగితం. దాన్ని పట్టుకుని బుధవారం కోర్టులో నువ్వు. ఫోన్ ఆ డ్రాయర్‌లోనే వదిలి రా. బాపు చెప్పులు ఇంట్లో గూట్లో ఉన్నాయి, యాడి రోజూ తుడుస్తోంది. కోర్టుకు అవి నువ్వే పట్టుకుపోవాలి.

సోమవారం సాయంత్రం భద్రాచలం నుంచి వచ్చే ఆఖరి బస్సు మన మలుపు దగ్గర ఆగుతుంది. నేను అక్కడ నిలబడి ఉంటాను. అందులోంచి నువ్వు దిగాలి. ఆ బస్సు వెళ్లిపోయినాక వచ్చే ఏ జవాబూ నాకు అక్కర్లేదు.

సోని